కంచంలో కొవ్వు పెంచే ప్రయత్నం: వంటింటి లెక్కల పుస్తకం నుంచి

వారాంతపు పరుగుల దూరం పెరుగుతున్నకొద్దీ నా బరువు తగ్గుతూ వచ్చింది. అన్నం మరికొంత పెట్టుకుందామంటే మధ్యాహ్నం తరువాత నిద్ర ముంచుకొస్తుంది. గ్రాము పిండిపదార్థం గానీ మాంసకృత్తులు గానీ 4 కిలోక్యాలరీల శక్తినిస్తే, గ్రాము కొవ్వు 9 ఇస్తుంది కనుక, తిండి పరిమాణం పెంచకుండా శక్తిని మాత్రమే పెంచుకోవడానికి కొవ్వును ఎంచుకొని, జూన్ నుంచి లెక్క రాయడం మొదలుపెట్టాను.

ఒక షరతు మొదటే పెట్టుకోవలసి వచ్చింది. నాన్నగారికి కొలెస్టరాల్ ఉన్నందున వైద్యులు నూనె తగ్గించమన్నారు. అమ్మ వండే కూరలో నూనె పెరగడానికి వీలులేదు. అందువల్ల పోపు, వేపుడు, పులుసు ఎప్పటిలాగే ఉంటాయి. కలిపేదేదైనా నా కంచంలోనే కలుపుకోవాలి. ఇది ఇబ్బందిగా తోచినా, కొలతకు ఇదే అనువు: గిన్నెలో పోసిన నూనెలో నా వంతు ఎంతో తేల్చడం కష్టం, కంచంలో వేసుకున్న చెంచా మాత్రం కళ్ళెదుటే ఉంటుంది.

ముందుగా నూనె డబ్బాను వారం మొదట, చివర తూచాను. నలుగురికి సుమారు 700 గ్రాములు ఖర్చయింది, అంటే మనిషికి రోజుకు 25 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలలో, 2000 కిలోక్యాలరీల నమూనా భోజనానికి నూనె, కొవ్వులను 27 గ్రాములుగా చూపించారు. పరుగెత్తే మనిషికి శక్తి అవసరం అంతకంటె ఎక్కువే అయినా, పోసుకునే నూనెను పెంచడం కంటె గింజల రూపంలో తినడమే మేలని నాకు తోచింది. అదే మార్గదర్శకాలు నూనెగింజలను రకరకాలుగా వాడుకోమనే చెబుతున్నాయి. గింజతో పాటు పీచు, మాంసకృత్తులు కూడా వస్తాయి, నూనెతో అవి రావు.

మొదటి మార్పు ఇడ్లీ పచ్చడిలో జరిగింది. మా ఇంట్లో పుట్నాల పప్పుతో చేసేవారు. అందులో కొవ్వు చాలా తక్కువ. వేరుశనగపప్పులో మాత్రం బరువులో దాదాపు సగం కొవ్వే. నా వంతు పచ్చడికి 20 గ్రాముల పల్లీలు వేయించి నూరుకుంటే, ఒక్క చెంచా నూనె పోయకుండానే 10 గ్రాముల దాకా కొవ్వు చేరింది. బూజు వాసన వచ్చినవాటిని, ముడుచుకుపోయి రంగు మారినవాటిని ఏరి పారేయడం తప్పనిసరి, ఎందుకంటే పల్లీలకు పట్టే బూజు విషపదార్థాలను పుట్టించగలదు, వేయించినంత మాత్రాన అవి పూర్తిగా పోవు.

మధ్యాహ్నం ముద్దపప్పులో ఒక చెంచా నెయ్యి రెండు చెంచాలైంది. ఇక్కడ చెంచాను నమ్మడం పొరపాటు: కరిగిన నెయ్యి తలకొట్టుగా 5 గ్రాములకు కాస్త తక్కువ తూగితే, పేరుకున్న నెయ్యి గోపురంలా లేచి అంతకు దాదాపు రెట్టింపు తూగుతుంది. అందుకే త్రాసు కంచం పక్కనే ఉంటుంది, ఇంట్లోవాళ్ళు నవ్వుకున్నా సరే. కందిపొడి అన్నంలోకి మాత్రం నెయ్యి మాని నువ్వుల నూనె తెచ్చుకున్నాను. గానుగ నూనె వాసన ఆ కారానికి జోడు కుదిరినట్టు మరేదీ కుదరదు. పాలకూర పప్పు తిన్న రోజున కొవ్వు ఉండేలా చూసుకోవడం మరొక లెక్క, ఆకుకూరల్లోని కెరోటిన్ కొవ్వు తోడుంటేనే శరీరానికి బాగా పడుతుంది.

పెరుగు విషయంలో చేయవలసిందల్లా పాల ప్యాకెట్టు మార్చడమే. టోన్డు పాలలో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం. 150 గ్రాముల పెరుగుకు నాలుగున్నర గ్రాముల తేడా వస్తుంది. నాది వేరే గిన్నెలో తోడు పెడుతున్నాను.

సాయంత్రానికి చిమ్మిలి. నువ్వులు దోరగా వేయించి, బెల్లం కలిపి దంచి, ఒక్కో ఉండలో 15 గ్రాముల నువ్వులు ఉండేలా చేస్తే, ఉండకు ఏడు గ్రాముల పైన కొవ్వు వస్తుంది. రోట్లో దంచినదానికి ఉన్న రుచి మిక్సీలో రాదు. మిక్సీని ఆపి ఆపి తిప్పకపోతే నూనె విడిచి ముద్ద అవుతుంది. దంచిన నువ్వులు త్వరగా కనరు వాసన వస్తాయి కనుక వారానికి సరిపడా మాత్రమే చేస్తాను.

అన్నీ కూడితే అదనంగా 27 గ్రాముల చిల్లర, సుమారు 240 కిలోక్యాలరీలు. ఒకేసారి కాక, ఒక మార్పు కుదిరాక మరొకటి చేర్చినందువల్ల కడుపు ఉబ్బరం పెద్దగా లేదు. చిమ్మిలి, పల్లీ పచ్చడి ఒకే పూట తింటే మాత్రం బరువుగా ఉంటోంది. పరుగుకు ముందు ఈ రెండూ పనికిరావు. ఆగస్టు చివరికి బరువు కిలో పైచిలుకు పెరిగింది. పిత్తాశయంలో రాళ్ళున్నవారు, రక్తంలో కొవ్వు ఎక్కువున్నవారు ఈ లెక్కను వైద్యుల మాట లేకుండా తీసుకోకూడదు. మా ఇంట్లోనే నాన్నగారి కంచం దీనికి దూరం.

ఇక మిగిలింది అవిసె గింజల పొడి. వాటిలో ఒమేగా-3 కొవ్వు మెండు, అయితే పొడి చేశాక నువ్వుల కంటె త్వరగా పాడవుతాయి. ఎండుమిరప, వెల్లుల్లి, చింతపండుతో చిన్న సీసాకు సరిపడా కొట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, అట్లలోకి వాడి చూడాలి. చేదు తగలకుండా గింజలను ఎంతసేపు వేయించాలో సెప్టెంబరులో తేల్చుకుంటాను.