బందరులో రైలు ఆగిన తరువాత

విజయవాడలో ఇన్నేళ్లుగా ఉంటూ కూడా బందరు సముద్రాన్ని చూడలేదని చెప్పుకోవడం సిగ్గుగా తోచి, ఒక ఆదివారం పొద్దున్నే మచిలీపట్నం వెళ్లే ప్యాసింజరు ఎక్కాను. గుడివాడ దాకా కిక్కిరిసి ఉన్న పెట్టె అక్కడ సగం ఖాళీ అయింది. గుడ్లవల్లేరు, కవుతరం, కలంకారీ అద్దకాలకు పేరుపడ్డ పెడన దాటి చిలకలపూడి వచ్చేసరికి, ఎదురుగా కూర్చున్న పెద్దావిడ చేతిగాజులు తడుముకుంటూ, "ఇవి ఈ ఊరి బంగారమే బాబూ, దొంగలకు కూడా తెలుసు" అని నవ్వింది. రోల్డుగోల్డు నగలకు చిలకలపూడి పెట్టింది పేరు మరి.

మచిలీపట్నంలో పట్టాలు అయిపోతాయి గాని సముద్రం కనబడదు. మంగినపూడికి ఆటోలో ఇంకా పది కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. విశాఖ ఇసుక చూసిన కళ్లకు ఈ తీరం మొదట నచ్చదు. ఇక్కడిది నల్లమట్టి, కాలు పెడితే వేళ్ల సందుల్లోంచి జిగటగా పైకి వస్తుంది. చాలా దూరం నడిచినా నీళ్లు మోకాళ్లు దాటలేదు. 1611లో ఇంగ్లీషువారు వర్తకస్థావరం పెట్టుకున్న ఈ రేవులో, లోతు చాలక పెద్ద ఓడలు దూరంగానే లంగరు వేసుకునేవట. పిల్లలు ఆడుకోవడానికి ఇంతకన్నా నెమ్మదైన సముద్రం ఉండదనిపిస్తుంది గాని, తుఫాను గాలి నీటిని ఒడ్డుకు నెట్టినప్పుడు ఉప్పెన ఎక్కువ ఎత్తుకు లేచేది ఇలాంటి లోతులేని తీరంలోనే. 1864 నవంబరు 1 రాత్రి ఊరి మీదికి వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పై వేలమంది పోయారు. ఆ లెక్క గుర్తుకు వచ్చాక, మోకాలిలోతు నీటిలో నిలబడి ఊరివైపు తిరిగి చూశాను. అడ్డంగా ఒక్క మిట్ట కూడా లేదు.

తిరిగి ఊళ్లోకి వచ్చి లడ్డూ కొన్నాను. శనగపిండిని జంతికల్లా వేయించి, దంచి, జల్లించి, బెల్లంపాకంలో కలిపి మళ్లీ నెయ్యి పోస్తూ దంచుతారు కాబట్టే దీన్ని తొక్కుడు లడ్డూ అంటారు. నోట్లో వేసుకుంటే పలుకు తగలదు. సాయంత్రం బండి ఎక్కేసరికి పొట్లం కాగితం నెయ్యికి పారదర్శకమైపోయింది. చెప్పులకు ఎండిన నల్లమట్టి గుడివాడ దాకా పెట్టెలో పెళ్లలుగా రాలుతూనే ఉంది.