బండి నిండుగా వచ్చింది, పేర్చి చూస్తే మూడోవంతు తక్కువ

కట్టెలు కొనడంలో నేను రెండుసార్లు నష్టపోయాను. రెండుసార్లూ అమ్మినవాళ్లు నాతో అబద్ధం చెప్పలేదు. అడగాల్సిన మాట నేను అడగలేదు, అంతే. అందుకే ఇది రాస్తున్నాను, కట్టెలు కొనే ముందు ఎవరైనా ఒక్కసారి చదువుకుంటే డబ్బు మిగులుతుంది.

మొదటిసారి మూడు ఘనపు మీటర్లకి బేరం కుదిరింది. ట్రాక్టర్ ట్రాలీలో అంచుల దాకా నింపి తెచ్చాడు. నేను అడగకుండానే టేపు పెట్టి కొలిచి చూపించాడు కూడా, లోపల మూడు మీటర్ల పొడుగు, రెండు మీటర్ల వెడల్పు, అరమీటరు లోతు. గుణిస్తే సరిగ్గా మూడు. ఇంకేం కావాలి, డబ్బు చేతిలో పెట్టాను, ట్రాలీ ఎత్తి గుమ్మరించి వెళ్లిపోయాడు. సాయంత్రం కూర్చుని గోడవారగా పేర్చడం మొదలుపెట్టాను. మీటరు ఎత్తు, కట్టె పొడుగు అరమీటరు, కాబట్టి వరస ఆరు మీటర్లు రావాలని లెక్కేసి, చెమ్మ తగలకుండా అడుగున ముందే ఇటుకలు పరిచి పెట్టుకున్నాను. నాలుగు మీటర్ల దగ్గర కట్టెలు అయిపోయాయి. చివరి రెండు మీటర్ల ఇటుకలు అలాగే ఖాళీగా ఉండిపోయాయి. చుట్టూ వెతికాను, ఇంకో కుప్ప ఎక్కడైనా పడిందేమోనని.

జరిగింది ఏమిటంటే, అతను కొలిచింది ట్రాలీని, నేను కొన్నాననుకున్నది పేర్చిన కట్టెని. గుమ్మరించిన కట్టెలు అడ్డదిడ్డంగా పడతాయి, ఒకదానికొకటి ఆనుకుని మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు ఉంటాయి. గుమ్మరించిన ఒక ఘనపు మీటరు తీసుకెళ్లి ఒద్దికగా పేర్చితే సుమారు 0.6 నుంచి 0.7 దాకా వస్తుంది, అంతే. నాకు వచ్చింది సరిగ్గా ఆ లెక్కే. మూడోవంతు గాలికి డబ్బు కట్టాను. అతని టేపు కరెక్టే, అతని గుణకారం కరెక్టే, మేమిద్దరం ఒకే మాటని రెండు రకాలుగా అనుకున్నాం.

అందుకే ధర మాట్లాడే ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది: గుమ్మరించిన కొలతా, పేర్చిన కొలతా? ఇది కొత్త గొడవేమీ కాదు. ఫ్రాన్సులో 1795లో మెట్రిక్ కొలతలు తెచ్చినప్పుడు కట్టెల కోసం ప్రత్యేకంగా స్టేర్ అనే కొలత పెట్టారు, మీటరు పొడుగు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు పేర్చిన కట్టె. అమెరికా, కెనడాల్లో కార్డ్ అని ఉంది, ఎనిమిది అడుగుల పొడుగు, నాలుగు అడుగుల ఎత్తు, నాలుగు అడుగుల లోతు, మొత్తం 128 ఘనపుటడుగులు, అదీ వరసగా, దగ్గర దగ్గరగా పేర్చితేనే. ఫేస్ కార్డ్ అని ఇంకో మాట కూడా వాడతారు, ముందు నుంచి చూస్తే అదే నాలుగడుగులు, ఎనిమిదడుగులు, కానీ లోతు ఒక్క కట్టె పొడుగే. కట్టె 16 అంగుళాలైతే అసలు కార్డులో మూడోవంతు అన్నమాట. ఎదురుగా నిలబడి చూసే మనిషికి రెండూ ఒకేలా కనపడతాయి, పక్కకి వెళ్లి లోతు చూస్తేనే తేడా తెలుస్తుంది. బండి, ట్రాలీ, లోడు, కుప్ప, ఇవేవీ కొలతలు కావు. గంపగుత్తగా కొంటున్నామని తెలిసి కొంటే పర్వాలేదు, కొలత ప్రకారం కొంటున్నామని అనుకుని గంపగుత్తగా కొనకూడదు.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. మీటరు పొడుగు కట్టెలు ఒక ఘనపు మీటరు పేర్చి, వాటినే 50 సెంటీమీటర్లకి కోసి మళ్లీ పేర్చితే సుమారు 0.8 వస్తుంది, 33 సెంటీమీటర్లకి కోస్తే 0.7. చెక్క ఎక్కడికీ పోలేదు, చిన్న ముక్కలు దగ్గరగా సర్దుకుంటాయి కాబట్టి సందులు తగ్గాయి, అంతే. కాబట్టి అమ్మేవాళ్లు "నేను కొలిచినప్పుడు ఒకటి ఉందండీ" అంటే అది నిజమే కావచ్చు. కోయకముందు కొలిచారా, కోశాక కొలిచారా అని అడగండి. ఏదైనా తప్పు కాదు, ముందు తెలియాలి.

కట్టె పొడుగు మాత్రం నమ్మకం మీద వదిలేయకండి. 50 సెంటీమీటర్లు అని చెప్పిన కట్టె 45 ఉంటే కంటికి తెలియదు, చేతికీ తెలియదు, కానీ మొత్తంలో పదోవంతు పోయినట్టే. కుప్పలో పైన ఉన్నవి కాకుండా మధ్యలోంచి ఓ పది కట్టెలు లాగి టేపు పెట్టి చూడండి. పేర్పు కూడా పరీక్షగా చూడాలి. కట్టెలన్నీ ఒకే దిక్కుకి ఉన్నాయా, అడ్డంగా నిలువుగా మార్చి మార్చి పేర్చారా? చివర్లు కూలకుండా రెండు కొసల్లో అలా అడ్డంగా నిలువుగా పేర్చడం అవసరమే, కానీ వరసంతా అలాగే ఉంటే సగం గాలే. వంకర కొమ్మలు, కణుపులున్న ముక్కలు ఎక్కువైతే కొలత సరిపోయినా చెక్క తక్కువ. తిన్నని దుంగల్ని చీల్చిన పేళ్లయితే ఒకదాని పక్కన ఒకటి అతుక్కున్నట్టు కూర్చుంటాయి.

ఈ దెబ్బ తిన్నాక, కొలతలతో పడలేం, తూకానికి కొంటే గొడవే ఉండదు అనుకున్నాను. అది నా రెండో నష్టం.

వెయ్యి కిలోలు కొన్నాను. కాటా దగ్గర నేనే నిలబడి చూశాను, తూకంలో ఏ లోపమూ లేదు. దింపేటప్పుడే చేతికి బరువుగా అనిపించింది, బెరడు గోరుతో గీరితే లోపల తడిగా ఉంది. అనుమానం వచ్చి ఒక పేడు తీసి, దాని మీద సుద్దముక్కతో తారీఖు రాసి, ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద నేను ఒకసారి ఒట్టిగా, ఒకసారి ఆ పేడు పట్టుకుని ఎక్కాను. తేడా 4 కిలోల 200 గ్రాములు. గాలి తగిలే చోట, నీడలో పెట్టాను. మూడు నెలల తర్వాత అదే పేడు 2 కిలోల 900 గ్రాములు తూగింది. చివర్లలో చక్రంలో ఆకుల్లా పగుళ్లు వచ్చాయి, బెరడు దానంతటదే ఊడొచ్చింది. కట్టె అదే, పొడుగూ మారలేదు, కిలో పైచిలుకు నీళ్లు మాత్రం వెళ్లిపోయాయి. అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు, బాగా ఎండిన కట్టెలో ఐదోవంతు, అంతకంటే తక్కువ. లెక్క వేసి చూడండి, 45 శాతం నీళ్లున్న వెయ్యి కిలోల్లో అసలు చెక్క 550 కిలోలు, అది 20 శాతానికి ఎండేసరికి మొత్తం బరువు 690 కిలోలకి దిగుతుంది. మిగతా 310 కిలోలు నీళ్ల ఖర్చు. పోనీ పచ్చిగానే వాడేద్దామంటే ఆ నీళ్లు ఆవిరి కావడానికే కొంత వేడి ఖర్చైపోతుంది, మంట సరిగ్గా అంటుకోదు, పొగ ఎక్కువ.

తూకంలో నీళ్లు దొంగ, కొలతలో గాలి దొంగ. ఇది తెలిశాక నాకు అంతా తేలికైపోయింది. పచ్చిదైనా ఎండుదైనా పేర్చిన కొలత పెద్దగా మారదు, ఎండాక వరస కాస్త దిగుతుంది గానీ అది మోసం కాదు. ఎలా పడేసినా, ఎలా పేర్చినా తూకం మారదు. కాబట్టి పచ్చికట్టె అయితే కొలతకే కొనండి, ఎండుకట్టె అయితే తూకానికి కొనొచ్చు. ఇంకో సంగతి, కిలోకి కిలో చూస్తే ఎండిన కట్టె ఏ చెట్టుదైనా ఇచ్చే వేడి దాదాపు ఒకటే. కొలతకి కొనేటప్పుడే చేవ ఉన్న గట్టి కట్టెకీ, బెండు లాంటి తేలిక కట్టెకీ చాలా తేడా వస్తుంది, అదే చోటులో గట్టి కట్టె ఎక్కువ బరువు పడుతుంది కాబట్టి.

ఎండిందో లేదో అమ్మేవాళ్లని అడిగితే ఎండిందనే చెప్తారు. రెండు పేళ్లు తీసి ఒకదానితో ఒకటి కొట్టండి, ఎండినవైతే టంగుమని మోగుతాయి, పచ్చివైతే ధబ్ మని చచ్చు శబ్దం. మాయిశ్చర్ మీటరు ఉంటే ఇంకా మంచిది, కానీ పైన బెరడు మీదా కాదు, చివర్లలోనూ కాదు, ఒక పేడుని అక్కడే చీల్చి, లోపలి కొత్త ముఖం మీద గుచ్చాలి. ఒక్క మాట గుర్తుంచుకోండి, ఈ మీటర్లు మామూలుగా తేమని ఎండు చెక్క బరువుతో పోల్చి చూపిస్తాయి, మొత్తం బరువుతో కాదు. మీటరు 25 చూపిస్తే మొత్తం బరువులో నీళ్లు 20 శాతం అని అర్థం. ఈ తేడా తెలియక మంచి కట్టెని వెనక్కి పంపినవాళ్లున్నారు. వాన పడ్డ మర్నాడు మాత్రం తూకానికి కొనకండి, బెరడు ఎంత నీళ్లు పడుతుందో చెప్పలేం.

వే బ్రిడ్జి దగ్గర తూకం అయితే ఖాళీ బండి బరువు అదే రోజు, అదే కాటా మీద వేయించాలి. పాత చీటీ చూపించి ఖాళీ బరువు ఇంత అంటే ఒప్పుకోకండి. లోడుతో ఉన్నప్పుడు లోపల ఇద్దరు మనుషులు కూర్చుని, ఖాళీ అప్పుడు దిగిపోతే ఆ ఇద్దరి బరువూ మీ కట్టెల్లో కలుస్తుంది. పట్టా, తాళ్లు, స్టెప్నీ టైరు రెండుసార్లూ బండిలోనే ఉండాలి. చీటీ మీద బండి నంబరు, రెండు టైములు చూసుకోండి. పెద్ద కాటాలు ఐదు, పది, ఇరవై కిలోల మెట్లలో చూపిస్తాయి కాబట్టి వంద, రెండొందల కిలోల సరుకుకి అవి పనికిరావు, చిన్న ప్లాట్‌ఫారం కాటా అడగండి. దాని మీద కట్టెలు పెట్టకముందు సున్నా చూసి, మీరే ఒకసారి ఎక్కి నిలబడండి. మీ బరువు మీకు తెలుసు కదా, కాటా కొడుతున్నారేమో అక్కడే బయటపడుతుంది. దీనికి మొహమాటపడాల్సిన పనే లేదు, నిజాయితీగా అమ్మేవాళ్లు ఎవరూ దీనికి కోపం తెచ్చుకోలేదు.

మూడోసారి కొన్నప్పుడు ముందే ఫోన్‌లో స్పష్టంగా చెప్పాను: కోశాక, పేర్చిన కొలత, మూడు ఘనపు మీటర్లు, కట్టె పొడుగు 50, సగం డబ్బు దింపగానే, సగం పేర్చి కొలిచాక. ఒప్పుకున్నారు. వచ్చిన అతనూ నేనూ కలిసి గంటన్నరలో పేర్చేశాం. వరస ఐదు మీటర్ల డెబ్బై దగ్గర ఆగింది. నేనేమీ అనలేదు, టేపు అతని చేతికే ఇచ్చాను. చూసుకుని, "ముప్పై తగ్గిందండీ, రేపు వేస్తాను" అన్నాడు. వేశాడు, పైన నాలుగు పేళ్లు కొసరు కూడా.

మీకు తక్కువ వస్తే, ఒక్క కట్టె కూడా పొయ్యిలో పెట్టకుండా ముందు పేర్చండి. వరస మొత్తం కనపడేలా, టేపు లాగి పట్టుకుని ఫొటో తీయండి, కట్టె పొడుగు తెలిసేలా పక్క నుంచి ఇంకోటి. ఆ రోజే ఫోన్ చేయండి. నాలుగు రోజులు వాడుకున్నాక చెప్తే ఎంత కాల్చారో ఎవరికి తెలుసు అంటారు, అప్పుడు వాళ్ల మాట కాదనడానికి మన దగ్గర ఏమీ ఉండదు.