బ్రూక్నర్ నాలుగో సింఫనీ వెంట: లింజ్, వియన్నా, మ్యూనిక్

ఆస్ట్రియా స్వరకర్త ఆంటన్ బ్రూక్నర్ తన నాలుగో సింఫనీకి 'రొమాంటిక్' అన్న పేరు తానే పెట్టుకున్నాడు గానీ, ఆ పేరుతో కచేరీ హాల్లో వినిపించేది ఒకే సింఫనీ కాదు. 1874లో పూర్తయిన మొదటి రూపం ఒకటి. 1878లో తిరగరాయడం మొదలుపెట్టి, 1880లో చివరి భాగాన్ని కొత్తగా కట్టి ముగించిన రెండో రూపం ఒకటి. శిష్యుల చేతి సాయంతో తయారై 1888లో వియన్నాలో వినిపించి, మరుసటి ఏడాది అచ్చయిన మూడో రూపం మరొకటి. రెండో రూపాన్ని మళ్లీ సంగీత పండితులు రాబర్ట్ హాస్ 1936లోనూ, లియోపోల్డ్ నోవాక్ 1953లోనూ వేర్వేరుగా పరిష్కరించి ప్రచురించారు. ఇంట్లో రికార్డులు పెట్టుకుని ఈ తేడాలను లెక్కపెట్టడం కన్నా, వాయించేవాళ్లను ఎదురుగా చూస్తూ వింటే వేరే సంగతులేవో తెలుస్తాయని నాకు చాలాకాలంగా అనిపిస్తూ ఉండేది. ఉద్యోగం మ్యూనిక్‌లో కావడం వల్ల లింజ్, వియన్నా రెండూ నాకు రైలు దూరమే. ఒక శరదృతువులో ఈ మూడు రూపాలూ మూడు ఊళ్ల కార్యక్రమాల్లో కనబడేసరికి ఆలోచించకుండా టికెట్లు కొన్నాను.

లింజ్‌లో ఏటా బ్రూక్నర్ పుట్టినరోజైన సెప్టెంబరు 4 నుంచి ఆయన కన్నుమూసిన అక్టోబరు 11 వరకు ఆయన పేరిట సంగీతోత్సవం జరుగుతుంది. ప్రధాన వేదికైన బ్రూక్నర్‌హౌస్ డాన్యూబ్ ఒడ్డునే ఉంది. ఫిన్లాండ్‌కు చెందిన సిరెన్ దంపతులు రూపకల్పన చేసిన ఈ భవనం 1974లో ప్రారంభమైంది. నేను అక్కడ విన్నది 1874 నాటి మొదటి రూపం. బ్రూక్నర్ బతికి ఉండగా దీన్ని పూర్తిగా ఎవరూ వాయించలేదు. రాసిన నూరేళ్లకు, 1975 సెప్టెంబరు 20న, కర్ట్ వోస్ సారథ్యంలో మ్యూనిక్ ఫిల్‌హార్మనిక్ ఇదే ఊళ్లో మొదటిసారి వినిపించింది.

ఆరంభం అన్ని రూపాల్లోనూ ఒకటే. తీగ వాద్యాలు వినబడీ వినబడనంత మెల్లగా వణుకుతూ ఉంటే, వాటి మీద ఒక్క హార్న్ (చుట్టలు తిరిగిన ఇత్తడి కొమ్ము వాద్యం) మూడు స్వరాలు పలుకుతుంది: మన లెక్కలో ప–స–ప. రెండోసారి పిలిచేటప్పుడు మొదటి స్వరం పంచమం కాదు, శుద్ధ ధైవతం. ఆ అరమెట్టు తేడాతోనే తెల్లవారుజాము వెలుతురులోకి ఒక నీడ వచ్చి పడుతుంది. ఇది మధ్యయుగపు ఊళ్లో తెల్లవారడమనీ, బురుజుల మీంచి మేలుకొలుపు కొమ్ములు మోగడమనీ, కోట తలుపులు తెరుచుకుని గుర్రాల మీద వీరులు బయలుదేరడమనీ బ్రూక్నర్ తన వాళ్లకు చెప్పేవాడు. ఈ కథనానికి నేను పెద్ద విలువ ఇవ్వను. సంగీతం పూర్తయ్యాక అతికించిన చీటీలా ఉంటుంది అది.

తేడా గట్టిగా తెలిసింది మూడో భాగంలో. అందరికీ తెలిసిన వేట స్కెర్ట్సో (సింఫనీలో చురుగ్గా నడిచే భాగం) 1878లో వచ్చింది. 1874లో ఆ చోట ఉన్నది పూర్తిగా వేరే రచన. అందులో హార్న్ ఏ తోడూ లేకుండా ఒంటరిగా పిలుస్తుంది, వాద్యబృందం జవాబు చెబుతుంది, తర్వాత అంతా నిశ్శబ్దం, మళ్లీ అదే పిలుపు. రికార్డులో ఇది విసుగు పుట్టించేది. హాల్లో నా సీటు నుంచి ఆ వాద్యకారిణి స్పష్టంగా కనబడింది. ఒక్కో పిలుపు ముగిశాక ఆమె హార్న్‌ను ఒడిలోనే తిప్పి, గొట్టంలో చేరిన నీటిని వంచి, పెదవులు తడుపుకుని, కండక్టర్ వైపు కాక నేల వైపు చూస్తూ తర్వాతి పిలుపు కోసం ఎదురుచూసేది. ఆ ఖాళీలు కూడా రచనలో భాగమేనని అప్పుడు బోధపడింది.

చివరి భాగంలో సమంగా నడిచే తాళం మీద ఐదేసి స్వరాల గుంపులు వరసకట్టి వస్తాయి. ఖండగతి తెలిసిన మన చెవికి ఐదు కొత్త కాదు గానీ, బృందంలో సగంమంది రెండుగా లెక్కపెడుతుంటే మిగతా సగం ఐదుగా లెక్కపెట్టడం ఎంత కష్టమో రెండో వరస వయొలిన్ల కమానులు చెప్పాయి. ఒకటి రెండు చోట్ల అవి వేర్వేరు క్షణాల్లో మలుపు తిరిగాయి. బ్రూక్నర్ తానే 1877 అక్టోబరులో బెర్లిన్ విమర్శకుడు విల్హెల్మ్ టాపర్ట్‌కు రాసిన ఉత్తరంలో, ఈ సింఫనీని పూర్తిగా సవరించాల్సి ఉందనీ, రెండో భాగంలో వయొలిన్లకు వాయించశక్యం కాని అల్లికలు రాశాననీ, వాద్యాల కూర్పు అక్కడక్కడా బరువెక్కి అస్థిమితంగా ఉందనీ ఒప్పుకున్నాడు. ఆ అస్థిమితమే నాకు నచ్చింది. మొదటి రూపం చిత్తుప్రతి కాదు, మరింత దుడుకైన వేరే సింఫనీ అన్నది ఆ రాత్రి నాకు కలిగిన అభిప్రాయం. అయితే అది నిలబడాలంటే వాయించేవాళ్లు మామూలు కన్నా గట్టివాళ్లై ఉండాలి.

మర్నాడు బస్సులో సెయింట్ ఫ్లోరియన్ మఠానికి వెళ్లాను. తండ్రి పోయాక 1837లో బ్రూక్నర్ బాలగాయకుడిగా చేరింది ఇక్కడే, తర్వాత ఉపాధ్యాయుడిగా, ఆర్గన్ వాద్యకారుడిగా పనిచేసిందీ ఇక్కడే. ఆయన కోరిక ప్రకారం శవపేటికను చర్చిలో ఆర్గన్‌కు సరిగ్గా కింద, నేలమాళిగలో ఉంచారు. వెనక గోడ పొడవునా పాతకాలపు పుర్రెలూ ఎముకలూ పేర్చి ఉన్నాయి. పైన ఆర్గన్ మోగితే, ఒక స్వరం మీద ఇంకో స్వరం చేరకముందే మొదటిది చర్చి అంతా తిరిగి వచ్చేస్తుంది. సింఫనీల్లో పెద్ద శబ్దం తర్వాత బృందం మొత్తం చటుక్కున ఆగిపోవడం ఎందుకో ఈ చర్చిలో కాసేపు కూర్చుంటే వేరే చెప్పనక్కర్లేదు.

లింజ్ నుంచి వియన్నా రైలులో గంటన్నర కూడా పట్టదు. అక్కడ ఉండే మా పిన్ని కొడుకు చిన్నప్పుడు విజయవాడలో వయొలిన్ నేర్చుకున్నవాడు. పాశ్చాత్య సంగీతం అంతగా వినడు, నా కోసం వచ్చాడు. మూజిక్‌ఫెరైన్ బంగారు హాల్లో వెనక నిలబడే చోటుకే టికెట్లు దొరికాయి. థియోఫిల్ హాన్సెన్ కట్టిన ఈ భవనం 1870లో తెరుచుకుంది. రెండో రూపాన్ని 1881 ఫిబ్రవరి 20న హాన్స్ రిక్టర్ సారథ్యంలో వియన్నా ఫిల్‌హార్మనిక్ మొదటిసారి వాయించింది. రిహార్సల్‌లో ఆనందం పట్టలేక బ్రూక్నర్ రిక్టర్ చేతిలో ఒక వెండి నాణెం పెట్టి, నా పేరు చెప్పి బీరు తాగండి అన్నాడనీ, రిక్టర్ దాన్ని గడియారం గొలుసుకు తగిలించుకున్నాడనీ ఒక కథ ఇప్పటికీ చెబుతారు.

రెండో రూపంలో మొదటి భాగం 630 గతుల (తాళం కొలతగా స్వరలిపిని విడగొట్టే చిన్న గదులు) నుంచి 573కు తగ్గింది, చివరి భాగం 616 నుంచి 541కి. కోతలు ఎక్కడ పడ్డాయో వెతకబోతే దొరకవు. అంతా మళ్లీ నేసినట్టుంటుంది. రెండో భాగంలో వయొలాలు (వయొలిన్ కన్నా కాస్త పెద్దవి, మంద్రంగా పలికేవి) పాడే దీర్ఘమైన పాట, కింద మీటుతున్న తీగల మధ్య, ఆ హాల్లో ఎంత నిదానంగా గుండ్రంగా వినిపించిందో నేను చెప్పలేను. లింజ్‌లో ఉక్కిరిబిక్కిరైనచోట ఇక్కడ ఊపిరి ఆడింది. కొంత సద్దుమణిగిపోయిందన్న బాధ కూడా కలిగింది.

ఆ సాయంత్రం వాడింది నోవాక్ పరిష్కరణ. హాస్ ప్రతికీ దీనికీ తేడాలు నిజానికి కొద్దివే. 1886లో న్యూయార్క్‌లో ఉన్న కండక్టర్ ఆంటన్ సైడల్ కోసం పంపిన నకలులో బ్రూక్నర్ చేసిన చిన్న సవరణలను నోవాక్ లెక్కలోకి తీసుకున్నాడు, అంతే. కానీ అందులో ఒకటి సింఫనీ ఆఖరి పుటలో ఉంది: హాస్ ప్రతిలో ముగింపు శబ్ద ప్రవాహంగానే పోతుంది, నోవాక్ ప్రతిలో మూడో, నాలుగో హార్న్‌లు అందులోంచి మొదటి భాగపు పిలుపును మళ్లీ ఎత్తుకుంటాయి. ఇంత మోతలో అది ఎవరికి వినబడుతుందని నేను అనుకుంటూ ఉండగానే మా తమ్ముడు నా భుజం పట్టుకుని, "అన్నయ్యా, మొదట్లో వాయించిందే కదా ఇది!" అన్నాడు. స్వరలిపి చూడని చెవికి దొరికిందంటే ఆ సవరణ చిన్నదేమీ కాదు.

బయటికి వచ్చి రింగ్ రోడ్డు వెంట నడుస్తూ వాడు ఒక మంచి ప్రశ్న వేశాడు. త్యాగరాజ కీర్తనల్లో వాలాజాపేట పాఠం, ఉమయాళ్పురం పాఠం, తిల్లైస్థానం పాఠం అని శిష్య పరంపరను బట్టి మారిపోతాయి కదా, ఇదీ అలాంటిదేనా అని. ఇక్కడ మొదటి రెండు రూపాలూ స్వయంగా బ్రూక్నర్ రాసినవే, చేతిరాత ప్రతులు వియన్నాలో జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి కాబట్టి పోలిక కొంతవరకే నడుస్తుందన్నాను. అది అసలు వర్తించాల్సింది మూడో రూపానికి.

ఆ మూడో రూపాన్ని తర్వాత మ్యూనిక్‌లో, హెర్క్యులెస్‌సాల్‌లో విన్నాను. దీని తయారీలో ఫెర్డినాండ్ లోవే, ఫ్రాంజ్ షాల్క్, జోసెఫ్ షాల్క్ అనే ముగ్గురు శిష్యుల చేయి ఉంది. 1936 వరకు లోకం విన్న నాలుగో సింఫనీ ఇదే అయినా, హాస్ తర్వాత ఇది శిష్యులు చెడగొట్టిన ప్రతిగా ముద్రపడి మూలన పడింది. 1888 జనవరి కచేరీ తర్వాత బ్రూక్నర్ స్వయంగా దీన్ని సవరించిన దాఖలాలు చూపి, అమెరికా పండితుడు బెంజమిన్ కోర్స్‌వెట్ 2004లో దీన్ని సంపూర్ణ రచనల వరసలో మళ్లీ పరిష్కరించి ప్రచురించాడు.

ఇందులో సింబల్స్ (పెద్ద ఇత్తడి తాళాలు) ఉంటాయి, అవీ చివరి భాగంలోనే. వాటిని వాయించే మనిషి మొదటి మూడు భాగాలూ చేతులు కట్టుకుని కూర్చుని, నాలుగో భాగం మొదలవగానే లేచి నిలబడి ఒకే ఒక్క పెద్ద దెబ్బ కొట్టాడు. తర్వాత తాకీ తాకనట్టు కొన్ని సార్లు. ఆ పెద్ద దెబ్బ నాకు అనవసరం అనిపించింది. స్కెర్ట్సో మొదటిసారి హోరుతో ముగియక మెల్లగా సన్నగిల్లి నడిమి నృత్యంలోకి జారుకోవడం మాత్రం చాలా బాగుంది. చివరి భాగం 507 గతులకు కుదించుకుపోయింది. ఆరంభపు మహా శబ్దం మళ్లీ రావాల్సిన చోట రాదు, తిన్నగా రెండో ఇతివృత్తమే వస్తుంది. అతుకు అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. అయినా నడక వేగం ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో ఈ ప్రతి అడుగడుగునా చెబుతుంది కాబట్టి బృందం ఎంతో ధీమాగా వాయించింది. మూడింటిలోనూ తడబాటు లేనిది ఆ కచేరీయే. కచేరీ చేయించిన అనుభవం ఉన్నవాళ్లు సర్దిన రచన అది, ఆ అనుభవాన్ని తీసిపారేయడం నాకు సబబుగా తోచదు.

టికెట్ కొనేముందు కార్యక్రమ వివరాల్లో సంవత్సరం, పరిష్కర్త పేరు రెండూ చూసుకోవాలి. 'నాలుగో సింఫనీ' అని మాత్రమే వేస్తే చాలావరకు అది 1878–80 రూపమే. 1878లో రాసి, రెండేళ్లకే పక్కన పెట్టిన 'జాతర' చివరి భాగం ఒకటి ఇంకా హాల్లో వినాల్సి ఉంది. దాన్ని ఎవరూ తరచుగా వాయించరు. 477 గతుల ఆ భాగాన్ని విడిగానైనా సరే, ఏదో ఒక ఊళ్లో ఎవరైనా పెడతారేమోనని కొత్త సీజన్ పట్టికలు తిరగేస్తున్నాను.