ప్లూటోకి ఓటేస్తే ఏమైంది

బావ మళ్లీ మొదలెట్టాడు. "నిజం అంటూ ఏదీ లేదమ్మా, నలుగురూ కూర్చుని ఒప్పుకున్నదే నిజం" అని తీర్పు చెప్పేసి వెళ్లి హాయిగా గురకపెడుతున్నాడు. నిద్ర పట్టనిది నాకు.

ఆ వాదన వినడానికి నాకేం ఇబ్బంది లేదు. ఓడిపోతున్నప్పుడల్లా దాన్ని బయటికి తీస్తాడు చూడండి, అక్కడ ఒళ్లు మండుతుంది. ఆధారం ఏదని అడిగితే "ఏది ఆధారమో నిర్ణయించిందెవరు?" అంటాడు. బీపీ మాత్ర మాత్రం టైముకి వేసుకుంటాడు, ఆ రీడింగ్ ఎవరు కల్పించారని అడగడు. పైగా మధ్యమధ్యలో బ్రూనో లతూర్ అనే ఫ్రెంచి తత్వవేత్త పేరొకటి. ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ మమ్మీని పారిస్‌లో పరీక్షించి క్షయతో పోయాడని అంటే, ఆ క్రిమిని రాబర్ట్ కాక్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిందే 1882లో కదా, అంతకుముందు దానితో ఎలా చస్తాడని వాదించిన మనిషి ఆయన. అప్పటిదాకా ఆ క్రిమి పర్మిషన్ కోసం ఆగిందా?

బావకి ప్లూటో సంగతి చెప్పాల్సింది. 2006 ఆగస్టులో ప్రాగ్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు పసుపు కార్డులెత్తి ఓటేసి దాన్ని గ్రహాల జాబితాలోంచి తీసేశారు. మా క్లాసు గోడ మీద మేమే రంగులేసిన చార్టొకటి ఉండేది. టీచరు నన్ను కుర్చీ ఎక్కించి ప్లూటో మీద తెల్లకాగితం అంటించమన్నారు. జిగురు ఎక్కువై కాగితం ముడతలు పడింది, తడికి కింది నీలిరంగు పైకి కనిపించడం మొదలైంది, వేలితో ఎంత నొక్కినా పోలేదు. వెనక అందరూ ఒకటే నవ్వు. దాన్ని చూడటానికి అదే ఏడాది జనవరిలో బయల్దేరిన న్యూ హొరైజన్స్ అనే నాసా వ్యోమనౌక అప్పటికి దారిలో ఉంది. గ్రహం కోసమని బయల్దేరి, 2015లో మరుగుజ్జు గ్రహం పక్కనుంచి వెళ్లింది. అక్కడున్న మంచుముద్దకి ఈ ఓటు గొడవేం తెలుసు!

రేపు ఈ డైలాగు ఎలా కొట్టాలా అని రిహార్సల్ చేసుకుంటుంటే ఇంకో ఓటు గుర్తొచ్చింది. స్వలింగ సంపర్కాన్ని మానసిక రోగాల జాబితాలోంచి తీసేస్తూ అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 1973లో నిర్ణయం తీసుకుంది. కొందరు ఒప్పుకోక మరుసటి ఏడాది సభ్యులందరి చేతా ఓటింగ్ పెట్టించారు, అయినా నిర్ణయం నిలిచింది. ఇక్కడ ఓటు పడింది బండరాయి మీద కాదు. ఇయాన్ హ్యాకింగ్ అనే తత్వవేత్త చెప్పేది ఇదే, మనుషులకి ముద్ర వేస్తే అది వాళ్లకి తెలుస్తుంది, దాన్నిబట్టి వాళ్లు మారతారు, ఎదురు తిరుగుతారు, చివరికి ముద్రే మార్చాల్సొస్తుంది. "ఎవరు నిర్ణయించారు?" అని వాళ్లు అడగబట్టే కదా అది కదిలింది. బావ ప్రశ్నే.

అయితే అడిగినంత మాత్రాన అయిపోలేదు. 1957లోనే ఎవెలిన్ హుకర్ అనే సైకాలజిస్టు స్వలింగ సంపర్కులవీ, కానివాళ్లవీ మానసిక పరీక్షల ఫలితాలు నిపుణుల ముందు పెట్టి ఇందులో ఎవరు ఎవరో చెప్పమంటే వాళ్లు తేల్చుకోలేకపోయారు. అది ఆధారం కాదా? ఆ ఫలితాలు లేకుండా వీధిలో ఎంత అరిచినా పని జరిగేదా, ఆ అరుపులు లేకపోతే ఆ ఫలితాల్ని ఎవరైనా చదివేవాళ్లా అన్నది ఎటూ తేలడం లేదు. హుకర్ పేరు మాత్రం ఎక్కడైనా రాసి పెట్టుకోవాలి, బావ ముందు సరిగ్గా అప్పుడే మర్చిపోతాను.