భటుణ్ణి ఏం చేయాలి?

నా నాటకాన్ని సినిమాగా రాస్తున్నానని తెలిసినవాళ్ళంతా యుద్ధం గురించే అడుగుతున్నారు. ఎంతమంది సైనికులు, ఏనుగులు ఉంటాయా అని. నా టెన్షన్ యుద్ధం గురించి కాదు, భటుడి గురించి.

నాటకమంతా ఒకే దర్బారు సెట్టులో నడుస్తుంది. ద్వారం దగ్గర నిలబడ్డ ముసలి భటుడు మధ్యమధ్య ముందుకొచ్చి ప్రేక్షకులతో మాట్లాడతాడు. "తర్వాత పదేళ్ళు వానల్లేవు" అంటాడు, పదేళ్ళు గడిచిపోతాయి. స్టేజీ మీద ఇందుకు ఒక్క లైటు చాలు. అదే మాట కెమెరా వైపు తిరిగి చెప్పిస్తే నాటకాన్ని వీడియో తీసినట్టుంటుంది. వాయిస్ ఓవర్ పెట్టేద్దామన్నారు కొందరు. అది బద్ధకస్తుల దారి, నాకు నచ్చదు.

ఇంగ్లీషు నాటకకర్త రాబర్ట్ బోల్ట్‌కీ ఇదే చిక్కు వచ్చింది. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి తలవంచక 1535లో తల పోగొట్టుకున్న థామస్ మోర్ కథ ఆయన నాటకం 'ఎ మ్యాన్ ఫర్ ఆల్ సీజన్స్'. అందులో 'కామన్ మ్యాన్' అని ఒకడుంటాడు. ఆ ఒక్క నటుడే నౌకరు, పడవవాడు, జైలరు, చివరికి తలారి. వేషాలు మార్చుకుంటూ జనంతో కబుర్లు చెబుతాడు. 1966లో ఫ్రెడ్ జిన్నెమాన్ సినిమా తీసినప్పుడు స్క్రీన్‌ప్లే బోల్టే రాశాడు. రాసి, కామన్ మ్యాన్‌ను ఎత్తేశాడు! నౌకరు ఒకరు, జైలరు ఇంకొకరు అయిపోయారు. అతని బదులు సినిమాలోకి నది వచ్చింది. రాజు పడవ దిగి బురదలోకి దూకుతాడు, వెంట వచ్చినవాళ్ళూ దూకక తప్పదు. రాజు అంటే ఏమిటో ఒక్క డైలాగు లేకుండా తెలిసిపోతుంది. అయినా నాకు లోటే. నిన్న అన్నం వడ్డించినవాడే ఇవాళ గొడ్డలి పట్టుకోవడం స్టేజీ మీద ఒళ్ళు జలదరింపజేసే సంగతి. సినిమాలో అది లేదు.

ఇంకో ఇంగ్లీషు నాటకకర్త పీటర్ షాఫర్ వేరే దారి పట్టాడు. 1979 నాటి 'అమాడియస్' నాటకంలో, సాటి సంగీతకర్త మొజార్ట్ ప్రతిభ చూసి కుళ్ళుకున్న ముసలి సాలియేరీ నేరుగా ప్రేక్షకులకే తన కథ చెబుతాడు. 1984లో మిలోష్ ఫోర్మన్ తీసిన సినిమాలో అదంతా పిచ్చాసుపత్రిలో ఒక కుర్ర ఫాదర్‌తో చెబుతాడు. ఆ ఫాదర్ ఊరికే వినడు. సాలియేరీ తను కట్టిన బాణీలు వాయిస్తే అతను ఒక్కటీ గుర్తుపట్టలేడు. మొజార్ట్ బాణీ మొదలుపెట్టగానే తనే అందుకుని పాడేస్తాడు. ముసలాయన జీవితకాలపు కడుపుమంట అంతా ఆ కాసేపట్లో మనకు అర్థమవుతుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. స్టేజీ మీద చెప్పేవాడు మన కళ్ళెదుటే ఉంటాడు కాబట్టి, వీడు చెప్పేది వీడి కథ అన్న స్పృహ ఉంటుంది. కెమెరా చూపిస్తే జరిగిందనే నమ్ముతాం. చావుమంచం మీద మొజార్ట్ తన రిక్వియమ్ (పోయినవారి కోసం చేసే ప్రార్థనా సంగీతం) స్వరాలు చెబుతుంటే సాలియేరీ రాసుకునే దృశ్యం సినిమా కోసం కల్పించింది. నిజానికి మొజార్ట్ పోయాక దాన్ని పూర్తిచేసింది జ్యూస్‌మయర్ అనే మరో సంగీతకర్త. కానీ సినిమా చూసినవాళ్ళతో ఈ మాట అని చూడండి!

అందుకే నా భటుడికి వినేవాణ్ణొకణ్ణి పెట్టాను. రాజవంశ చరిత్ర రాయడానికి వచ్చిన కుర్ర లేఖకుడు. అతనికి కావలసింది తేదీలు, బిరుదులు. భటుడికి గుర్తున్నవి తలుపు చాటున విన్న మాటలు. "ఆ ఏడు రాజుగారు రాజధానిలోనే లేరు కదా తాతా" అని లేఖకుడు అడ్డుపడతాడు. భటుడు నీళ్ళు నములుతాడు, లేదా కోప్పడతాడు. ఇప్పుడు అబద్ధం ఎక్కడుందో ప్రేక్షకుడే వెతుక్కుంటాడు. నాటకంలో లేని ఈ గొడవ రాస్తుంటే మహా సరదాగా ఉంది.

ఇక యుద్ధం. భటుడు ద్వారం వదల్లేదు, యుద్ధం చూడలేదు. కాబట్టి మనమూ చూడం. దుమ్ము కొట్టుకుపోయిన వార్తాహరుడు వస్తాడు, నోరు విప్పే ముందు మంచినీళ్ళు అడుగుతాడు, సభంతా అతను తాగడం అయ్యేదాకా నిలబడాలి. డైరెక్టర్‌కు ఈ సీను నచ్చింది. నిర్మాతకు మాత్రం ఏనుగులు కావాలట. వచ్చే వారం మళ్ళీ కూర్చుంటున్నాం.