ఆకుల బస్తా

చెయ్యి లోపల పెట్టి చటుక్కున వెనక్కి లాక్కున్నాను. అంత వేడి!

మూడు వారాలుగా పెరట్లో కంపోస్టు కుప్ప ఒకటే కుళ్ళు కంపు. ఎత్తి పారబోద్దామనే ఈరోజు పార పట్టుకుని వెళ్ళా. పోయిన ఆదివారం పక్కింటి ఆంటీ గోడ మీంచి చూసి, "అన్నీ పచ్చివే వేస్తే ఎలాగమ్మా, ఎండుటాకులు కలపాలి" అంటూ ఓ బస్తా అందించారు. మొహమాటానికి కలిపానంతే.

ఇవాళ కంపు లేదు. పారతో కదిపితే సన్నగా ఆవిరి, వాన పడ్డ మట్టి వాసన. తొక్కల ఆనవాలే లేదు, ఆకులు మాత్రం ఇంకా ఆకుల్లానే ఉన్నాయి. థర్మామీటర్ గుచ్చితే 52 డిగ్రీలు! (అది మళ్ళీ వంటింట్లోకి రాదు, కంగారుపడకండి.)

నిప్పు లేదు, కరెంటు లేదు. బ్యాక్టీరియా తింటుంటే పుట్టే వేడి అది. నత్రజని ఒక వంతు ఉంటే కార్బన్ దాదాపు 30 వంతులు కావాలి వాటికి. పచ్చి తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. నా కుప్పలో కరువైంది ఆ కార్బనే, కాస్త గాలీను.

ఇన్నాళ్ళూ ఆవిడ ఆకులు ఊడ్చి చెత్తబండిలో వేసేవారు. కుప్ప పెట్టకముందు నేను తొక్కలు కవర్లో కట్టి అదే బండిలో వేసేదాన్ని. మధ్యలో ఉన్నది నడుమెత్తు గోడ! నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి.

ఇందాక పిలిచి చూపించా. ఆంటీ కూడా చెయ్యి పెట్టి "అమ్మో" అని తీసేశారు. మళ్ళీ పెట్టారు.

గోడ మీద ఇంకో బస్తా రెడీగా ఉంది.