40 లక్షల లెక్క, 15 రోజుల గడువు

విజయవాడ సెంట్రల్ అయినా గుంటూరు వెస్ట్ అయినా ఎమ్మెల్యే అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఎంపీకి 95 లక్షలు. 2022 జనవరిలో పెంచిన అంకెలివి. ఎవరికి చెప్పినా నమ్మరు. కానీ ఆ లెక్క కాగితం మీద ఉంటుంది, ఓటరు ఎవరైనా చూడొచ్చు. చూడకపోవడమే నాకు బాధ.

నామినేషన్ రోజు నుంచి ఫలితం రోజు వరకు పెట్టిన ఖర్చే లెక్కలోకి వస్తుంది. అంతకు ముందు పంచినవి, పెట్టిన భోజనాలు అందులో కనపడవు. పార్టీ ఖర్చుకైతే పరిమితే లేదు. స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణాలు పార్టీ ఖాతాలోకే పోతాయి. అయితే సింగ్‌నగర్‌లో పెద్ద నాయకుడి సభ జరిగి, అభ్యర్థి కూడా వేదికెక్కితే, ఆ సభ ఖర్చులో వాటా అతని లెక్కలో పడాలి. ముందు వెతకాల్సింది అదే.

అభ్యర్థి రాయాల్సిన ఖర్చు రిజిస్టరులో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకి, గులాబీవి నగదుకి, పసుపువి బ్యాంకుకి. ఎన్నికల కోసం విడిగా ఖాతా తెరవాలి. ఒక మనిషికి లేదా సంస్థకి మొత్తం ఎన్నికల్లో నగదుగా 10,000 దాటి ఇవ్వకూడదు. షామియానా, మైకు, కుర్చీలు ఒకే సప్లయర్‌వే అయినా బిల్లులు నాలుగు పేర్ల మీద ఉంటే అనుమానించాల్సిందే. కుర్చీకి, ఫ్లెక్సీకి, టిఫిన్‌కి జిల్లా ఎన్నికల అధికారి ముందే రేట్లు ప్రకటిస్తారు. అంతకన్నా తక్కువ చూపిస్తే ఆ రేటే వేస్తారు. కాబట్టి మోసం ఎక్కువగా రేటులో కాదు, సంఖ్యలో జరుగుతుంది: వెయ్యి కుర్చీలు వేసి రెండొందలు రాస్తారు. అధికారులు తాము చూసిన ఖర్చును విడిగా రాసుకునే షాడో రిజిస్టరుతో పోల్చితే తేడా తెలుస్తుంది.

ఓటుకిచ్చే కవరు మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ భారతీయ న్యాయ సంహిత 170, 173 కింద నేరాలే. పట్టించాలంటే ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో అక్కడికక్కడే వీడియో తీయాలి. గ్యాలరీలోని పాత వీడియో ఎక్కదు.

ఇక గడువు. ఫలితం వచ్చాక 30 రోజుల్లో అభ్యర్థి లెక్క సమర్పించాలి. ఒక్క రూపాయి రుసుము కట్టి జిల్లా ఎన్నికల అధికారి దగ్గర చూడొచ్చు. పరిమితి దాటడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(6) కింద అవినీతి చర్యే, కానీ దాన్ని తేల్చేది హైకోర్టు. ఆ నియోజకవర్గ ఓటరైనా, పోటీ చేసినవాళ్లయినా ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు పిటిషన్ వేయాలి. అభ్యర్థి చివరి రోజున లెక్క ఇస్తే మనకు మిగిలేది 15 రోజులే. 2,000 డిపాజిట్ కష్టం కాదు, వివరాలే కష్టం. ఎవరు, ఎక్కడ, ఏ తేదీన ఖర్చు పెట్టారో లేని ఆరోపణ అక్కడ నిలవదు. అందుకే ప్రచారం నడుస్తుండగానే సభ తేదీ, చోటు, కుర్చీల వరసలు, వాహనాల నంబర్లు రాసిపెట్టుకోవాలి. కరపత్రం దొరికితే అడుగున ప్రింటర్, పబ్లిషర్ పేర్లతో సహా దాచాలి.